మైకు బొమ్మ

మిషన్ పెడలు ప్రతి రెండో తొక్కుకీ కిర్రుమంటోంది. నూనె వెయ్యాలి వెయ్యాలి అనుకుంటూనే దారాలక్క నెలలు గడిపేసింది. నూనె సీసా ఎక్కడో లేదు, కిటికీ గూట్లోనే ఉంది. చెయ్యి చాపితే అందుతుంది. ఈ ఒక్క జాకెట్టు చెయ్యి అతికాక, ఈ ఒక్క మడత కుట్టాక అనుకోవడం, ఆ తర్వాత మరిచిపోవడం. వచ్చినవాళ్ళకి వినిపించే చప్పుడు రోజంతా తొక్కే మనిషికి వినిపించడం ఎప్పుడో మానేసింది.

వీధిలో అందరికీ ఆమె దారాలక్కే. ఆ పేరు గోడని చూసి పెట్టారు. మిషన్ వెనక గోడకి రెండు వరుసల మేకులు, మేకుకొక గుడ్డపట్టీ. ఒక్కో పట్టీ ఒక్కో మనిషి. పట్టీ పొడుగు ఆ మనిషి ఛాతీ చుట్టుకొలత. అంచున కత్తెరతో పెట్టిన గంట్లు నడుము, భుజం, చేతి పొడుగు. చివర ముడివేసిన దారం రంగును బట్టి అది ఎవరిదో ఆమెకి తెలుస్తుంది. బడిపంతులమ్మది ఇటుకరంగు. మందుల షాపాయన భార్యది తెలుపు. గుమ్మంలో అడుగుపెడుతూనే "అయిందా అక్కా" అని అడిగే బ్యాంకమ్మాయిది నారింజ.

"పుస్తకంలో రాసుకోవచ్చుగా" అన్నవాళ్ళకి, "పుస్తకం ఎక్కడో పెట్టి మరిచిపోతాను. మేకు ఎక్కడికీ పోదు" అని నవ్వేస్తుంది. ఆమెకి అక్షరాలు రావని ఇంట్లో ఇద్దరికీ, వేరే ఊళ్ళో ఒకరికీ తప్ప ఇంకెవరికీ తెలియదు. అంకెలు వచ్చు. టేపు మెళ్ళో వేసుకుని బతికే మనిషికి అవి రాకుండా ఎలా ఉంటాయి.

మొదటి మేకుకి ఉన్న పట్టీకి నెమలికంఠం రంగు దారం. అది చెల్లెలిది.

గడియారం మూడు కొట్టగానే ఆమె కాలు ఆపి, చేతులు తుడుచుకుని, గుమ్మానికి వీపు పెట్టి కూర్చుంది. ఫోన్ తీసి, అడుగు వరుసలో మొదటిదైన మైకు బొమ్మ నొక్కింది. ఎర్ర గుండ్రం వెలిగింది. సన్నటి గీత అటూ ఇటూ కదలసాగింది.

"చెల్లీ, నేనే. ఇవాళ నీ కోటుకి లైనింగు అయిపోయింది. లోపలివైపు జేబు పెట్టాను, ఫోన్ పట్టేంత. రాత్రిళ్ళు ఆ ఏసీ కింద కూర్చుంటావు కదా, చెవుల దాకా లేచే కాలరు పెట్టాను. నువ్వు తొడుక్కుంటావో లేదో తెలీదు. నేనైతే కుడుతున్నాను." ఒళ్ళో పడ్డ దారప్పోగు దులుపుకుంది. "మాట్లాడకపోతే మానెయ్. విను, చాలు."

మళ్ళీ నొక్కింది. టింగుమంది. అక్కడితో ఆ రోజు మాట అయిపోయింది.

చెల్లెలు ఆసుపత్రి కౌంటర్లో రాత్రి డ్యూటీ చేస్తుంది, పగలు పడుకుంటుంది. ఫోన్ చేస్తే నిద్ర చెడుతుందని అక్కాచెల్లెళ్ళిద్దరూ మొదటినుంచీ మాటల మెసేజీలే పంపుకునేవారు. ఈమె మూడింటికి మాట్లాడితే, ఆమె టీ తాగేటప్పుడు విని జవాబిచ్చేది. ఫోన్ కూడా ఆమె ఇచ్చిందే. తను కొత్తది కొనుక్కుని పాతది అక్కకి పంపింది.

నాలుగు నెలల కిందట ఒక పొద్దున దారాలక్క ఏదో ఆఫీసుకి వెళ్తే, గుమాస్తా ఆమె ముఖం చూసి, పెన్ను సంగతే ఎత్తకుండా సిరాడబ్బా ముందుకి తోశాడు. ఆ సిరా బొటనవేలికి వదలకముందే చెల్లెలి మెసేజీ వచ్చింది. ఫోన్లోనే అక్షరాలు నేర్పేవి వచ్చాయట, రోజుకి పావుగంట చాలట. మంచి మాటే. కానీ సిరా వేలితోనే ఫోన్ పట్టుకుని, "నన్ను బడి మాన్పించబట్టే నిన్ను పంపగలిగారు. నీ జడలు వేసి, పలక చేతికిచ్చి పంపిన దానికి నువ్వు పాఠాలు చెప్తావా" అని అనేసింది దారాలక్క. చెల్లెలి జవాబు వెంటనే వచ్చింది. "సరే అక్కా. నీ కోపం తగ్గాక నువ్వే మాట్లాడు." ఇంకా ఏదో చెబుతూనే ఉంది, ఈమె మధ్యలోనే ఆపేసింది.

కోపం పదిహేను రోజులు కూడా నిలవలేదు. అప్పటినుంచి ఈమె రోజూ మూడింటికి మాట్లాడుతూనే ఉంది. క్షమించమంది. బతిమాలింది. అలిగింది. తిట్టింది. మళ్ళీ బతిమాలింది. అవతలినుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. పోనీ ఫోనే చేద్దామా అని అప్పుడప్పుడు వేలు లేచేది. అన్నిసార్లు తలుపు తట్టినా తియ్యనివాళ్ళ ఇంటి కిటికీ తడితే ఏం మర్యాద అని మళ్ళీ దిగిపోయేది.

ఇప్పుడు కోటు అయిపోయింది. గుండీలొకటే మిగిలాయి. మాటకి కరగని మనిషి, కళ్ళతో చూస్తేనైనా కరుగుతుందేమో. ఆమె కోటుని తలుపు మేకుకి తగిలించి ఫోన్ ఎత్తి ఫోటో తీసింది. నీలం పొగ వచ్చింది. పొగ మధ్యలో సాలెగూడు.

కెమెరా గాజు పగిలి మూడు నెలలైంది. బల్లమీంచి జారి సరిగ్గా ఇనప పెడలు మీద పడింది. ఆ తర్వాత తీసిన ఫోటోలన్నీ ఉడుకుతున్న గిన్నె ఆవిరిలోంచి చూసినట్టే ఉన్నాయి.

*

"దానికి రిపేరెందుకమ్మా" అంది కూతురు ఆ సాయంత్రం, తన ఫోన్లోంచి తలెత్తకుండా. కాలేజీలో రెండో ఏడాది చదువుతోంది. "ఎలాగూ పాతది. అయినా నువ్వు ఫోటోలు తీసి ఎవరికి పంపాలి?"

"ఎవరికో ఒకరికి."

"నాకు ఆట చూసుకోవడానికి అద్దం బాగానే ఉంది" అన్నాడు భర్త. ఆయన పడక్కుర్చీలో కూర్చుని దారాలక్క ఫోన్లోనే ఆట చూస్తున్నాడు. తన ఫోన్లో చార్జింగ్ అయిపోయినప్పుడూ, అవ్వనప్పుడూ కూడా ఆయన చేతిలో ఉండేది ఇదే. ఈ ఫోన్ ఎవరిదని అడిగితే ఇంట్లో ముగ్గురూ "అమ్మది" అంటారు. ఎక్కడుందని అడిగితే మాత్రం అమ్మ దగ్గర తప్ప ఎక్కడైనా ఉంటుంది.

అది ఆమెకి అలవాటే. నాలుగు నెలల కిందట ఒకరోజు ఫోన్ చేతికొచ్చేసరికి లోపలి బొమ్మలన్నీ రంగు పోగొట్టుకుని ఉన్నాయి. ఆకుపచ్చది లేదు, ఎర్రది లేదు, నీలంది లేదు. అన్నీ ఒకే పాలిపోయిన గోధుమరంగు గుండ్రాలు, వాటిలో సన్నటి తెల్ల గీతలు. "థీమ్ వేశానమ్మా" అంది కూతురు గర్వంగా. "అంతకుముందు ఎంత గందరగోళంగా ఉండేదో. ఇప్పుడు చూడు, ఎంత నీట్‌గా ఉందో." నిజంగానే నీట్‌గా ఉంది. తెల్లారి లేచేసరికి ఎవరో గోడమీది దారాలన్నీ విప్పి, అన్నిటికీ ఒకే రంగు దారం కట్టినంత నీట్‌గా.

అంతకుముందు చెల్లెలి ముఖమే ఒక గుండ్రంగా ఉండేది. అది నొక్కితే నేరుగా చెల్లెలి దగ్గరికే వెళ్ళేది. కోపం తగ్గిన రోజు అది వెతికితే కనపడలేదు.

"పిన్నితో మాట్లాడేది ఏదే?" అని అడిగింది.

"మైకు బొమ్మ ఉంటుంది కదమ్మా. అది నొక్కి మాట్లాడు" అంది కూతురు తల తుడుచుకుంటూ, పరీక్షకి పరిగెడుతూ.

మైకు బొమ్మ ఉంది. అడుగు వరుసలో మొదటిది. ఇదివరకు నొక్కి పట్టుకుని మాట్లాడేది, ఇప్పుడొకసారి నొక్కి వదిలితే చాలు. ఇదివరకు పంపగానే సర్రుమనేది, ఇప్పుడు టింగుమంటోంది. ఫోన్లు నెలకోసారి వేషం మారుస్తూనే ఉంటాయి. ఆమె కొత్త పద్ధతి నేర్చుకుంది.

*

రిపేరు షాపు గొడుగుల కొట్టుకీ తాళంచెవుల కొట్టుకీ మధ్య ఇరికించినట్టుంటుంది. లోపల కూర్చునే మనిషికి యాభై దాటాయి. నుదుటిమీద ఎలాస్టిక్ పట్టీతో ఒక భూతద్దం. పనిలేనప్పుడు దాన్ని పైకి తోసేస్తాడు, అందుకని బజారంతా ఆయన్ని మూడోకన్ను అంటుంది. ఎలాస్టిక్ సాగిపోయింది. వంగినప్పుడల్లా అద్దం ముక్కు మీదికి జారుతోంది, ఆయన మోచేత్తో పైకి నెడుతున్నాడు. దారాలక్క కంట్లో ముందు పడింది అదే.

ఆయన ఫోన్ తిరగేసి, దీపం దగ్గరికి లాగి, అద్దం దించుకున్నాడు.

"దీన్ని దేనిమీద పడేశారమ్మా?"

"మిషన్ పెడలు మీద పడిందన్నా."

"పైగాజు ఒక్కటే పోయింది. లోపలి కన్నుకేం కాలేదు. దుమ్ము మాత్రం సంసారం పెట్టేసింది." ముక్కు మీదికి జారిన అద్దాన్ని పైకి నెట్టాడు. "ఈ మోడల్ గాజు తెప్పించాలి. ఎల్లుండి రండి. ఏం పేరు రాయమంటారు?"

"దారాలక్క అని రాయండి."

ఆయన నవ్వి చీటీ రాసిచ్చాడు. ఆమె దాన్ని చదివేవాళ్ళు చూసినట్టే చూసి, మడిచి, చేతిసంచిలో వేసుకుంది. ఆ చూపు ఆమెకి చిన్నప్పటినుంచీ వచ్చు. కళ్ళు ఎడమనుంచి కుడికి వెళ్ళాలి, చివర చిన్నగా తలూపాలి.

మర్నాడు మూడింటికి కాలు దానంతటదే ఆగింది. చేతులు తుడుచుకుంది. గుమ్మానికి వీపు పెట్టి కూర్చుంది కూడా. అప్పుడు గుర్తొచ్చింది, చేతిలో ఏమీ లేదని. చెప్పాల్సింది మాత్రం నోటిదాకా వచ్చేసింది. గుండీలకి రంగు కుదరలేదనీ, బజారంతా తిరిగితే ఒకచోట దొరికాయనీ. ఎదురుగా మొదటి మేకుకి చెల్లెలి పట్టీ ఫ్యాన్ గాలికి ఊగుతోంది. ఆమె దాన్ని పట్టుకుని, అంచున ఉన్న గంట్లని బొటనవేలితో తడుముకుంటూ కూర్చుంది. నడుము. భుజం. చేతి పొడుగు. పట్టీ రెండేళ్ళ కిందటిది. ఈపాటికి చిక్కిందో, ఒళ్ళు చేసిందో.

"ఏమేవ్, ఫోనేది?" అన్నాడు భర్త సాయంత్రం, దిండు కింద చెయ్యి పెట్టి వెతుకుతూ.

"రిపేరుకిచ్చాను."

"ఎవర్నడిగి?"

ఎవర్నీ అడగలేదన్న సంగతి అప్పుడే ఆమెకీ తట్టింది. దీపం కిందికి జరిగి, సూదిలో దారం ఎక్కించుకుంది. ఆయన తన ఫోన్ చార్జింగ్‌కి పెట్టుకున్నాడు.

*

గుండీలు కుట్టిన కోటుని చేతిసంచిలో మడతపెట్టుకుని వెళ్ళింది. ఫోటో అక్కడే తీసి, ఎలా పంపాలో ఆయన్నే అడిగి, అక్కడినుంచే పంపేస్తే ఒక పని అయిపోతుంది.

మూడోకన్ను ఆమె వచ్చేదాకా ఆఖరి పని ఆపి ఉంచాడు. "మీ ఎదురుగానే వేద్దామని" అన్నాడు. వేడిగాలి గొట్టంతో పాతగాజు చుట్టూ కాసేపు ఊది, మెత్తబడ్డ ముక్కల్ని సన్న పట్టకారుతో ఒక్కొక్కటే ఎత్తి డబ్బా మూతలో వేశాడు. రబ్బరు బుడ్డితో గాలి కొట్టి, మెత్తటి కుంచెతో తుడిచి, కంటిపాప అంత గాజుని జిగురు చుట్టు మీద కూర్చోబెట్టి వేలితో అదిమాడు. పదివరకూ లెక్కపెట్టాడు. ఈలోపు అద్దం రెండుసార్లు ముక్కు మీదికి జారింది.

"అది ఇలా ఇవ్వండి" అంది దారాలక్క.

"ఏది?"

"మీ మూడో కన్ను. ఎలాస్టిక్ సాగిపోయింది. రెండు నిమిషాలు."

ఆయన తీసి ఇచ్చాడు. ఆమె సంచిలోంచి సూదీ దారం తీసి, పట్టీని రెండు వేళ్ళంత మడిచి కుట్టు మొదలుపెట్టింది. ఆయన ఫోన్ ఆన్ చేసి ముందుకి జరిపాడు. "ఒక ఫోటో తియ్యండి చూద్దాం."

ఆమె కోటుని బల్లమీద పరిచింది. ఫోటో తీసింది. కాలరు మడత, గుండీల మెరుపు, ప్రతి కుట్టూ లెక్కపెట్టేంత తేటగా వచ్చాయి.

"నా వంకర కుట్టు కూడా కనపడుతోందన్నా."

"గాజు వరకే నా పని. కుట్టు మీరు మార్చుకోవాలి."

ఆమె నవ్వింది. నాలుగు నెలల్లో ఇంత సులువుగా నవ్వడం ఇదే మొదటిసారి. "దీన్ని మా చెల్లెలికి పంపాలి. మాటలు పంపడం నాకు వచ్చు. ఫోటో ఎలా పంపాలో చెప్పండి."

"అక్కడే ఉంటుంది. మాటలు ఎలా పంపుతారో ఒకసారి చూపించండి."

దారాలక్క చెయ్యి తుడుచుకుని, తెలిసిన పని చూపించేవాళ్ళ ఠీవితో మైకు బొమ్మ నొక్కింది. ఎర్ర గుండ్రం వెలిగింది. "చెల్లీ, నేనే. ఫోన్ బాగుచేసే అన్న దగ్గర్నించి..."

"ఆగండమ్మా" అన్నాడు ఆయన.

ఆమె ఆపింది. టింగుమంది.

"మీరు రోజూ దీంట్లోనే మాట్లాడతారా?"

"రోజూ. మూడింటికి."

ఆయన ఫోన్‌ని తనవైపు తిప్పుకుని వేలితో పైకి తోశాడు. ఇంకా తోశాడు. వరుస తెగకుండా వస్తూనే ఉంది. ఆయన ముఖంలో హాస్యం పోయింది.

"ఇది పంపే మైకు కాదమ్మా. దాచే మైకు. మన మాట మనకోసం దాచుకునేది."

"అంటే?"

"మీరు మాట్లాడినవన్నీ ఇందులోనే ఉన్నాయి. నూట ఏడు."

"మరి అవన్నీ ఎక్కడికెళ్ళాయి?" అంది ఆమె, విన్న మాట లోపలికి దిగక.

"ఎక్కడికీ వెళ్ళలేదమ్మా."

ఆయన అన్నిటికన్నా అడుగున ఉన్నదాన్ని నొక్కాడు. షాపంతా ఆమె గొంతే వినిపించింది. "చెల్లీ, నేనే. ఆ రోజు నోరు జారాను. నిన్ను బడికి పంపినప్పుడు నాకు ఏడుపొచ్చిన మాట నిజమే గాని, నువ్వు ఎక్కాలు అప్పజెబుతుంటే..." దారాలక్క గబుక్కున అరచేత్తో ఫోన్‌ని మూసేసింది. గొడుగుల కొట్టువాడు ఇటు చూసి మళ్ళీ అటు తిరిగాడు.

మూడోకన్ను సొరుగులోంచి చెవుల్లో పెట్టుకునే వైరు తీసి గుచ్చి ఇచ్చాడు. స్టూలు ఆమె వైపు జరిపి, తను వేరే ఫోన్ తెరిచి తలదించుకున్నాడు.

ఆమె వింది. మొదట్లో గొంతు వణికింది. పోనుపోను గట్టిపడింది. ఒకచోట "చదువుకున్నవాళ్ళకి రోషాలు కూడా ఎక్కువేనా" అంది. ఒకచోట "నీది గుండె కాదు, రాయి" అంది. ఒకదాంట్లో ఏమీ చెప్పకుండా ముక్కు చీదింది. వరసగా నాలుగింట్లో కోటు గుడ్డ గురించే చెప్పింది. చెల్లెలు వినలేదు. వినక్కర్లేదనుకుని కాదు, వినడానికి ఆమె దాకా ఏదీ చేరలేదు. నాలుగు నెలలు ఈ గొంతుకి జవాబివ్వనిది చెల్లెలు కాదు, బల్లమీది ఈ గాజుముక్క.

మరి అవతల ఆమె ఏమనుకుంటూ ఉండి ఉంటుంది? ఆ ప్రశ్న రాగానే దారాలక్క వైరు తీసేసింది.

"అన్నా, మా చెల్లెలు పంపినవి ఉన్నాయా? పాతవి?"

ఆయన గోధుమరంగు గుండ్రాల వెనక ఎక్కడో మూలనున్న దాన్ని తెరిచాడు. "ఉన్నాయి. ఆఖరిది నాలుగు నెలల కిందటిది."

ఆమె మళ్ళీ వైరు పెట్టుకుంది.

"సరే అక్కా. నీ కోపం తగ్గాక నువ్వే మాట్లాడు." ఇంతవరకూ ఆమెకి తెలుసు. ఇన్నాళ్ళూ చెవుల్లో గింగిరాలు తిరిగింది ఇదే. గొంతు ఆగలేదు. "నేను ముందు మాట్లాడితే మళ్ళీ పాఠం చెప్తున్నాననుకుంటావు. నువ్వెప్పుడు మాట్లాడినా పర్లేదు. ఫోన్ పక్కనే పెట్టుకుని పడుకుంటాను. నిద్ర చెడితే చెడనీ."

దారాలక్క ఆ మాటని ఇంకోసారి విననే లేదు. ఒక్కసారికే లోపల పట్టీ మీద గంటు పెట్టినట్టు పడిపోయింది.

"అన్నీ ఒకేసారి పంపెయ్యమంటారా?" అన్నాడు మూడోకన్ను మెల్లగా. "ఒక్క నొక్కు."

ఆమె మూతలోని గాజు ముక్కల్ని చూసింది. బతిమాలినవి పంపితే, తిట్టినవీ వాటి వెనకే వెళ్తాయి. ఏరి పంపితే అది దొంగతనం.

"ఇందాక ఒకటి విన్నాను. మాటల్లేవు దాంట్లో. ఉత్త మిషన్ చప్పుడు."

ఆయన వెతికాడు. ఎప్పుడో మైకు నొక్కి, బ్యాంకమ్మాయి గుమ్మంలోకొస్తే ఆపడం మరిచిపోయి, పనిలో పడిపోయిన రోజుది. రెండు నిమిషాల పాటు కిర్రు, కిర్రు, మధ్యలో కత్తెర పెట్టిన చప్పుడు, మళ్ళీ కిర్రు.

"ఇది పొరపాటున పడ్డట్టుందమ్మా."

"అదే పంపండి."

ఆయన ఆమె ముఖం చూసి పంపాడు. సర్రుమంది. ఆ చప్పుడు ఆమె నాలుగు నెలల తర్వాత విన్నది.

"ఫోటో?"

"వద్దు. తొడుక్కున్నాకే తీస్తాను."

ఆయన బల్ల మీదికి వంగి, గొడుగుల కొట్టుకి వినపడనంత చిన్నగా అడిగాడు. "అక్షరాలు రావా అమ్మా?"

బయటివాళ్ళతో ఎన్నడూ అనని మాట. "రావు" అంది.

ఆయన అయ్యో అనలేదు. సొరుగులోంచి నాలుగు చిన్న ప్యాకెట్లు తీసి ముందు పడేశాడు. "ఈ పార్టుల మీద ఏం రాసుందో నాకూ తెలీదు. ఏ దేశం భాషో. వైరు రంగు చూసే పెడతాను, ఇరవై ఏళ్ళనుంచి." ఫోన్ అందుకున్నాడు. "ఈ గోధుమరంగంతా తీసేస్తాను. బొమ్మలు మీకు ఎలా కావాలో చెప్పండి."

"నాకు కావాల్సినట్టు పెట్టొచ్చా?"

"మీ ఫోనే కదా."

ఆమె సంచిలోంచి దారపు ఉండలు తీసి తెల్లకాగితం మీద ఒక్కొక్కటే పెట్టింది. కొత్తగాజు కెమెరాతో ఒక్కొక్కదాన్నే ఫోటో తీసింది. ఆయన వాటిని గుండ్రాల్లో కూర్చోబెట్టాడు. ఫోన్ చేసేదానికి పసుపు. ఫోటోలకి తెలుపు. కూతురికి గులాబీ. "మా ఆయనకి ఇదిగో, బూడిదరంగు. మాపు కనపడదు" అంది. ఆయన పకపకా నవ్వాడు. అడుగు వరుసలో మొదటిది నెమలికంఠం. నొక్కితే నేరుగా చెల్లెలి దగ్గరికి.

"మరి ఈ మైకు బొమ్మని తీసెయ్యనా?"

దారాలక్క ఆలోచించింది. "ఉండనివ్వండి. నల్లదారం పెట్టండి."

ఆమె కుట్టు ముగించి, దారం తెంపి, ఎలాస్టిక్ అందించింది. ఆయన దాన్ని నుదుటికి కట్టుకుని, తల వంచి, ఊపి చూశాడు. అద్దం కదల్లేదు.

*

"ఎవరే ఇలా పాడుచేసింది?" అంది కూతురు ఇంటికి రాగానే ఫోన్ చూసి. అంతలోనే సర్దుకుంది. "అమ్మా, నా థీమేది? ఈ దారాలేంటి, గుండీల పెట్టెలా ఉంది."

"నేనే పెట్టించాను."

"ఇలా ఎవరైనా పెట్టుకుంటారా? ఉండు, మార్చేస్తాను."

చెయ్యి చాపింది. దారాలక్క ఫోన్ ఇవ్వలేదు. ఇవ్వకపోవడం ఆ ఇంట్లో కొత్త కాబట్టి, చాపిన చెయ్యి కాసేపు గాల్లోనే ఉండిపోయింది.

"ఇది నాదే" అంది ఆమె. గొంతు పెంచలేదు. "రంగులుంటేనే నాకు తెలుస్తుంది. మైకు బొమ్మ నొక్కమన్నావు చూడు, అది పిన్నిది కాదట. నాలుగు నెలలు నాలో నేనే మాట్లాడుకున్నాను."

కూతురికి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అయ్యాక చేతిలో పుస్తకాలు మంచం మీద పెట్టి, తల్లి పక్కన కూర్చుంది. తర్వాత గులాబీ దారం మీద వేలుపెట్టి, "ఇది నేనేనా?" అని అడిగింది.

"నువ్వే. ముడి గట్టిగా వేశాను."

దీపాలు పెట్టే వేళైంది. భర్త వచ్చి పడక్కుర్చీలో కూర్చుని, అలవాటుగా చెయ్యి చాపి, భార్య ఒళ్ళో ఫోన్‌ని చూసి, చాపిన చేత్తో తల గోక్కున్నాడు. చెల్లెలు ఈపాటికి నిద్ర లేచి ఉంటుంది. డ్యూటీకి తయారవుతూ ఉంటుంది. విందో లేదో. విన్నా ఉత్త చప్పుడే కదా. ఫోన్ పొరపాటున నొక్కుకుపోయిందనుకుని వదిలేస్తే? దారాలక్క లేచి మిషన్ ముందు కూర్చుంది, పనేమీ లేకపోయినా.

నెమలికంఠం దారం మీద ఎర్రటి చుక్క పడింది. మొదట మరక అనుకుని వేలితో తుడవబోయింది. వేలు తగలగానే తెరుచుకుంది. కొత్తగా వచ్చిన మెసేజీని నొక్కింది.

ముందు కాసేపు ఊపిరి తప్ప ఏమీ లేదు. ఎవరో గొంతు సవరించుకున్నారు. సగం నిద్రా, సగం ఇంకేదో కలిసిన గొంతు.

"అక్కా." మళ్ళీ కాసేపు ఊపిరి. "మిషన్‌కి నూనె వెయ్యవా?"

అంతే. ఇంకేమీ లేదు.

చిన్నప్పుడు ఆ పని చెల్లెలిదే. సన్నటి చెయ్యి కాబట్టి మిషన్ కింద దూరి, నూనెసీసా ముక్కు పెడలు సందుల్లోకి పెట్టి, ఒక్కో చుక్కా లెక్కపెట్టి వేసేది. లేచి వచ్చేసరికి ముక్కు కొన నల్లగా ఉండేది.

దారాలక్క కిటికీ గూట్లోంచి సీసా తీసింది. మూత జిడ్డుకి బిగుసుకుపోయింది, పైట చెంగుతో పట్టి తిప్పాల్సి వచ్చింది. నేలమీద కూర్చుని పెడలుకి ఈ కొసన రెండు చుక్కలు, ఆ కొసన రెండు చుక్కలు వేసింది. చేత్తో నాలుగుసార్లు ఆడించింది. లేచి కుర్చీలో కూర్చుని, ఫోన్ బల్లమీద పెట్టి, నెమలికంఠం తెరిచి, మైకు మీద వేలు నొక్కి పట్టుకుంది. ఇదివరకటి పద్ధతి. వేలు తియ్యకూడదు.

మిషన్ తొక్కింది. చక్రం తిరిగింది. కిర్రు లేదు. ఆ చప్పుడు ఉండే చోటంతా ఇప్పుడు ఖాళీగా ఉంది. వేలు ఇంకా మైకు మీదే ఉంది.

"చెల్లీ" అంది. "నేనే."